వయోశ్రేష్ఠ సమ్మాన్: పాలమూరు, నల్లగొండ నుంచి చూస్తే

పెద్దవాళ్ల బతుకు మెరుగుపడేలా పనిచేసినవారిని గుర్తించడానికి మన దేశంలో ఒక జాతీయ అవార్డు ఉంది. పేరు వయోశ్రేష్ఠ సమ్మాన్. కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత శాఖ దీన్ని 2005లో శాఖ స్థాయిలో మొదలుపెట్టింది. 2013లో దీనికి జాతీయ అవార్డు హోదా వచ్చింది. అక్టోబరు 1న, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం నాడు ఇచ్చే వార్షిక గౌరవంగా దీన్ని రూపొందించారు. ఆ తేదీ ఐక్యరాజ్యసమితి పెట్టింది. 1990 డిసెంబరు 14న సర్వప్రతినిధి సభ తీర్మానం చేస్తే, 1991 నుంచి ప్రపంచమంతా ఆ రోజును పాటిస్తోంది.

అవార్డులో మొత్తం 13 విభాగాలు ఉన్నాయి. వృద్ధాప్యంపై పరిశోధన చేసే సంస్థ, వృద్ధులకు సేవలందించే సంస్థ, ఉత్తమ జిల్లా పంచాయతీ, ఉత్తమ పట్టణ స్థానిక సంస్థ, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని బాగా అమలు చేసిన రాష్ట్రం, ప్రభుత్వ రంగ, ప్రైవేటు రంగ సంస్థలు ఒక వరస. వందేళ్లు దాటినవారు, ఆదర్శ మాతృమూర్తి, జీవిత సాఫల్యం, సృజనాత్మక కళ, క్రీడలు, ధైర్యసాహసాలు మరో వరస.

ఈ రెండు వరసలూ ఒకే వేదిక మీద ఉన్నా వాటి స్వభావం వేరు. మొదటిది వృద్ధుల కోసం పనిచేసినవాళ్లను గుర్తిస్తుంది. రెండోది వృద్ధులనే గౌరవిస్తుంది. వందేళ్లు బతికిన పెద్దాయనకు, తొంభై ఏళ్ల వయసులో పరుగు పందెంలో గెలిచిన అవ్వకు దండ వేయడం ఎవరైనా సంతోషించాల్సిన విషయమే. అయితే దానివల్ల పక్క ఊళ్లో మంచం దిగలేని ఇంకో అవ్వ రోజు ఏమీ మారదు. జిల్లా కేంద్రాల్లో అక్టోబరు 1న జరిగే సభలు దాదాపు అన్నీ ఈ రెండో పద్ధతిలోనే నడుస్తాయి. నలుగురైదుగురు పెద్దలకు శాలువా, మెమెంటో, ఒక గ్రూపు ఫొటో. మొదటి వరస, అంటే ఎవరు ఏం చేస్తే ఎంతమంది పెద్దవాళ్ల బతుకు తేలికైంది అన్న లెక్క, జిల్లా స్థాయిలో చర్చకే రాదు. ఆ లెక్క తీస్తే ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎవరి పేర్లు బయటికొస్తాయన్నదే ఈ వ్యాసం విషయం.

ముందు నామినేషన్ల సంగతి. ఈ అవార్డుకు పేర్లు రాష్ట్ర ప్రభుత్వాలు, కేంద్ర శాఖలు, సంస్థల ద్వారా వెళ్తాయి. వడపోత కమిటీ, దాని పైన జాతీయ ఎంపిక కమిటీ ఉంటాయి. ఈ పద్ధతిలో తప్పు పట్టాల్సింది లేదు. కాకపోతే ఫైలు తయారు చేయగలిగినవాళ్లకే ఇది అందుతుంది. ఆడిట్ లెక్కలు, ఫొటోలు, పేపర్ కటింగులు, ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసిన నివేదిక ఉన్న సంస్థ దరఖాస్తు పెట్టగలదు. మర్రిగూడ మండలంలో ఒక ఆశా కార్యకర్త, నారాయణపేట దగ్గర ఒక బ్రాంచి పోస్ట్‌మాస్టర్, దేవరకొండ తండాల్లో ఒక ఆటో డ్రైవర్ ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనికి ఫైలు ఉండదు. వాళ్లకు అది అవార్డుకు తగిన పని అన్న ఆలోచన కూడా రాదు.

ఫ్లోరోసిస్ ఊళ్లలో

నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలాల్లోకి దిగుతుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, నారాయణపురం వైపు ఊళ్లు అంతకంటే ఎక్కువ ఉన్న బోరు నీళ్లనే దశాబ్దాల పాటు తాగాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970లలో జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందిస్తే, దానికి పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో నిలబెట్టడం వెనక కూడా ఈ చరిత్రే ఉంది. ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్లు వస్తున్నాయి. పిల్లల పళ్ల మీద ఆ పసుపు, గోధుమ చారలు తగ్గాయి.

పెద్దవాళ్ల విషయం అలా కాదు. ఎముకల్లోకి చేరిన ఫ్లోరైడ్ చేసిన చెరుపు నీళ్లు మారినంత మాత్రాన తిరిగి బాగుపడదు. నలభై, యాభై ఏళ్లు ఆ బోరు నీళ్లు తాగినవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. వెన్ను బిగుసుకుపోయి వంగిపోయినవాళ్లున్నారు. మెడ తిరగక, పక్కనున్నవారితో మాట్లాడాలంటే ఒళ్లంతా తిప్పాల్సినవాళ్లున్నారు. మోకాళ్లు మడత పడవు. కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. కొత్త కేసులు తగ్గాయన్నది నిజం, అది పెద్ద విజయం కూడా. కానీ ఆ మాట చెప్పుకున్నాక ఈ తరాన్ని అందరూ మరిచిపోతున్నారు. సమస్య తీరిపోయిందన్న లెక్కలో వీళ్లు ఎక్కడా కనపడరు.

ఇలాంటి ఒక మనిషికి ఉపయోగపడేవి ఏమిటని దగ్గరకెళ్లి చూస్తే చాలా చిన్న వస్తువులు కనిపిస్తాయి. ఊళ్లలో కట్టిన మరుగుదొడ్లు చాలావరకు కింద కూర్చునేవే. మోకాలు మడవలేని మనిషికి ఆ గది ఉన్నా లేనట్టే. అందుకే తెల్లారకముందే ఎవరినో ఒకరిని పట్టుకుని బయటికి వెళ్లాలి, లేదా నీళ్లు తాగడమే తగ్గించుకోవాలి. ముసలివాళ్లు ఉద్దేశపూర్వకంగా నీళ్లు తక్కువ తాగి, మలబద్ధకంతోనో మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తోనో ఆసుపత్రికి చేరడం వెనక చాలాసార్లు ఈ కారణమే ఉంటుంది. మధ్యలో రంధ్రం ఉన్న ఒక కమోడ్ కుర్చీ, గోడకు మేకులతో బిగించిన ఒక ఇనుప పైపు, గడప దగ్గర రెండు తట్టల సిమెంటుతో ఒక చిన్న వాలు. ఇంతే. వీటి ఖర్చు ఒక సన్మాన సభలో శాలువాల ఖర్చు కంటే తక్కువే అవుతుంది. పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, చక్రాల కుర్చీలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 నుంచి ఉంది. దాని క్యాంపులు జిల్లా కేంద్రంలో పెడతారు. క్యాంపు ఉందన్న కబురు ఊరికి చేర్చి, మెడ తిరగని మనిషిని బండెక్కించి తీసుకెళ్లి, వాకర్‌తో వెనక్కి తెచ్చేవాళ్లు ఉంటేనే ఆ పథకం ఆ ఊళ్లో ఉన్నట్టు.

పింఛన్‌లోనూ ఇదే కథ. తెలంగాణలో ఆసరా పింఛన్ల పంపిణీ మొదలైంది కూడా అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరు నుంచే, 2014 నవంబరు 8న. అప్పట్లో వృద్ధాప్య పింఛన్ 1,000 రూపాయలు. 2019లో అది 2,016 అయింది. దివ్యాంగుల పింఛన్ 1,500 నుంచి 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. ఫ్లోరోసిస్‌తో వెన్ను వంగిన మనిషి వృద్ధాప్య పింఛన్ తీసుకుంటే 2,016 వస్తుంది. అదే మనిషికి వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపులో 40 శాతం పైన వైకల్యం ఉందని సర్టిఫికెట్ వస్తే 4,016కు అర్హత ఉంటుంది. తేడా నెలకు 2,000. మందులు, పాలు, ఒక కిలో పప్పు, ఆసుపత్రికి ఆటో కిరాయి అన్నీ ఆ తేడాలో వచ్చేస్తాయి. అయితే ఆ సర్టిఫికెట్ కావాలంటే స్లాట్ బుక్ చేయాలి, తెల్లారే బయలుదేరాలి, లైన్లో నిలబడాలి, డాక్టరు ముందు తన బాధ తనే చెప్పుకోవాలి. ‘ముసలితనం వచ్చింది, నొప్పులు మామూలే’ అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. ఒక ఊళ్లో ఇలాంటి ఇరవై మందిని గుర్తించి, ఒక్కొక్కరి కాగితాలు సరిచేసి, సదరం దాకా తీసుకెళ్లిన మనిషి ఉంటే ఆ ఇరవై ఇళ్లలో ప్రతి నెలా ఆ పని ఫలితం కనపడుతుంది. అంతటి ఫలితం చూపించగల సంస్థలు రాష్ట్రం మొత్తంలో ఎన్ని ఉంటాయి?

కాగితాలు సరిచేయడం అంటే తేలిక పని కాదు. వృద్ధాప్య పింఛన్ వయసును 65 నుంచి 57కు తగ్గించి 2022 ఆగస్టు నుంచి అమలు చేశారు. కానీ ఈ తరంలో చాలామందికి పుట్టిన తేదీ కాగితం లేదు. ఆధార్ తీసేటప్పుడు ఆపరేటర్ అడిగితే నోటికొచ్చిన వయసు చెప్పారు, ఒక్కోసారి అతనే అంచనా వేసి కొట్టాడు. చూస్తే డెబ్బై ఉన్న మనిషి కార్డులో యాభై రెండు ఉంటుంది. ఇక పింఛన్ ఇచ్చే రోజు వేలిముద్ర గొడవ. కలుపు తీసి, నాట్లేసి, బీడీలు చుట్టి, మగ్గం నేసి అరిగిన వేళ్లు మిషన్‌కు దొరకవు. ఓపిక ఉన్న పోస్ట్‌మాస్టర్ తడిబట్టతో వేలు తుడిచి, మళ్లీ పెట్టించి, బొటనవేలు కాకపోతే చూపుడు వేలు, కుడి చెయ్యి కాకపోతే ఎడమ చెయ్యి ప్రయత్నిస్తాడు. ఓపిక లేనివాడు ‘రేపు రా అవ్వా’ అంటాడు. ఆ రేపు అంటే తండా నుంచి మళ్లీ మూడు, నాలుగు కిలోమీటర్ల నడక. ఏ అవార్డు ఫారంలోనూ ఈ ఓపికకు గడి లేదు.

పొలం కొడుకు పేరు మీదికి వెళ్లాక

ఈ ప్రాంతంలో పెద్దవాళ్ల పరిస్థితిని నిర్ణయించే రెండో విషయం భూమి. పట్టా ఎవరి పేరు మీద ఉందన్నదాన్ని బట్టి ఇంట్లో మాట ఎవరిదన్నది తేలిపోతుంది. తండ్రి బతికుండగానే కొడుకుల పేరు మీదికి పొలం మార్చడం పాత అలవాటే. ఈ మధ్య దానికి కొత్త కారణాలు తోడయ్యాయి. 2018 ఆగస్టు 15 నుంచి అమలైన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకే వర్తిస్తుంది. అరవై నిండాక పట్టా ముసలాయన పేరు మీదే ఉంటే ఆ ఇంటికి 5 లక్షల బీమా ఉండదు. కొడుకు పేరు మీదికి మారిస్తే ఉంటుంది. పెట్టుబడి సాయం, పంట రుణం కూడా పట్టాదారు ఖాతాకే వస్తాయి. కాబట్టి అరవై దగ్గర పడుతున్న తండ్రికి ‘నాయినా, పొలం మా పేరు మీదికి చేయి’ అన్న మాట వినపడుతుంది. కొడుకు చెడ్డవాడు కానక్కర్లేదు, ఆ లెక్క అందరికీ న్యాయంగానే కనిపిస్తుంది. గిఫ్ట్ డీడ్ (దానపత్రం) అయిపోతుంది. ఆ తర్వాత కోడలితో మాట తేడా వచ్చినా, అన్నదమ్ముల మధ్య వాటాల గొడవ వచ్చినా, ముసలివాళ్ల చేతిలో ఏమీ మిగలదు. నెలకొక కొడుకు ఇంట్లో అన్నం, రోజులు లెక్కపెట్టుకుంటూ మూట సర్దుకోవడం ఇక్కడి ఊళ్లలో అందరూ చూసేదే.

2007 చట్టం సరిగ్గా దీని కోసమే వచ్చింది. అరవై నిండినవారు, లేదా వయసుతో పని లేకుండా తల్లిదండ్రులు ఎవరైనా, తమను తాము పోషించుకోలేకపోతే ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పదనుకుంటే ఇంకో 30 రోజులు. చట్టం ప్రకారం నెలకు 10,000 రూపాయల దాకా పోషణ భత్యం ఇప్పించవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా కేసు తీసుకోవచ్చు, స్వచ్ఛంద సంస్థ కూడా పెద్దవాళ్ల తరఫున దరఖాస్తు వేయవచ్చు. ఈ చివరి రెండు మాటలే ఊళ్లలో అసలు అక్కరకొచ్చేవి. ‘కన్న కొడుకు మీద కేసు పెట్టాల్నా’ అని వెనక్కి తగ్గే తల్లులే ఎక్కువ.

ఇందులో 23వ సెక్షన్ భూమికి సంబంధించింది. పోషణ చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవారు ఆ మాట తప్పితే ఆ బదిలీని చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. చిక్కు అంతా ఆ షరతు దగ్గరే ఉంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా వర్సెస్ రామ్‌తీ దేవి కేసులో సుప్రీంకోర్టు, అలాంటి షరతు ఉందని చూపించకపోతే ఈ సెక్షన్ వర్తించదని చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఈ చట్టం పెద్దవాళ్ల మేలు కోసం వచ్చింది కాబట్టి దాన్ని ఉదారంగా అర్థం చేసుకోవాలని, ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. ఆ కేసులో కొడుకు చూసుకుంటానని రాసిచ్చిన కాగితం ఉంది, అది తల్లికి ఉపయోగపడింది. అంటే గిఫ్ట్ డీడ్‌లో ‘మా ఇద్దరినీ బతికున్నంతకాలం తిండి, బట్ట, వైద్యం చూసుకోవాలన్న షరతు మీద’ అన్న ఒక్క వాక్యం ఉంటే రేపు ఆర్డీవో ఆఫీసులో ఆ ముసలి దంపతులు నిలబడగలరు. లేకపోతే వాదనలతో ఏళ్లు గడిచిపోతాయి.

మరి ఆ వాక్యం ఎవరు రాయాలి? పొలం రిజిస్ట్రేషన్ జరిగే తహసీల్దార్ ఆఫీసు బయట టేబుల్ వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి. కొడుకు తొందరపెడుతుంటాడు, డబ్బులిచ్చేదీ అతనే. ఆ సమయంలో ‘పెద్దాయనా, షరతు రాయమంటావా?’ అని తండ్రి వైపు తిరిగి అడిగే లేఖరి ఎవరైనా ఉంటే, వృద్ధుల సంక్షేమానికి అతను చేసిన మేలు ఒక వృద్ధాశ్రమం చేసినదాని కంటే తక్కువేమీ కాదు. ఎందుకంటే అతని వల్ల కొంతమందికి ఆశ్రమం అవసరమే రాదు. అలాగే, వచ్చిన దరఖాస్తులను 90 రోజుల్లో తేల్చిన ఆర్డీవో ఆఫీసు. ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం నెలనెలా డబ్బు అందుతోందా అని ఆరా తీసే ఆఫీసు అయితే మరీ మంచిది. ఉత్తర్వు వచ్చి, మొదటి రెండు నెలలు ఇచ్చి, మూడో నెల నుంచి కొడుకు మానేస్తే మళ్లీ ఆఫీసు మెట్లెక్కే ఓపిక ఎవరికుంటుంది? వయోశ్రేష్ఠ సమ్మాన్‌లో ఈ చట్టం అమలుకు రాష్ట్రాన్ని గుర్తించే విభాగం ఉంది. అసలు పని రెవెన్యూ డివిజన్‌లో జరుగుతుంటే అవార్డు రాష్ట్రానికి ఇవ్వడం వల్ల బాగా పనిచేసిన డివిజన్‌కూ ఫైళ్లు తొక్కిపెట్టిన డివిజన్‌కూ తేడా తెలియకుండా పోతుంది.

వలస ఊళ్లలో

పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలోని డ్యాములు, రోడ్ల చరిత్రలో ఉంది. కోస్గి, మద్దూరు, మక్తల్, నారాయణపేట వైపు నుంచి గుంపు మేస్త్రీల వెంట ముంబై, పుణె వెళ్లే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల వల్ల కొన్నిచోట్ల నీళ్లొచ్చి వలస తగ్గింది. తగ్గనిచోట ఊళ్లో మిగిలేది అవ్వ, తాత, బడికి వెళ్లే మనవలు. ఇక్కడ పెద్దవాళ్లు ఇంకొకరి సంరక్షణలో ఉండరు, వాళ్లే సంరక్షకులు. పొద్దున్నే అన్నం వండి, జడలు వేసి, పిల్లలను బడికి పంపి, మేకలను తోలుకెళ్లేది డెబ్బై ఏళ్ల మనిషి. కొడుకు ఫోన్‌పేలో డబ్బు పంపుతానంటాడు, వీళ్ల చేతిలో బటన్ ఫోన్. కిరాణా కొట్టు అతని నంబరుకు పంపించుకుని, అతను చేతికిచ్చినంత తీసుకోవాలి.

వృద్ధుల సేవ అనగానే ఆశ్రమాలను మాత్రమే గుర్తుపెట్టుకునే అవార్డుకు ఈ ఊళ్లు అర్థం కావు. ఇక్కడ పెద్దవాళ్లకు మేలు చేసేది మధ్యాహ్న భోజనం సక్రమంగా పెట్టే బడి, మనవడికి జ్వరమొస్తే ఇంటికొచ్చి చూసే ఏఎన్ఎం, రూపాయి కోత లేకుండా కొడుకు పంపిన డబ్బు చేతిలో పెట్టే కొట్టు యజమాని. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం రావడం కూడా అవ్వలకు పెద్ద మార్పు. ఇప్పుడు బీపీ మందుల కోసం, కంటి పరీక్ష కోసం పట్నం వెళ్లడానికి కొడుకును డబ్బులు అడగనక్కర్లేదు. బస్సు తండా దాకా రావడం, వచ్చిన బస్సు మొదటి మెట్టు మోకాలి ఎత్తున లేకపోవడం ఇంకా తేలాల్సిన విషయాలు.

ఫోన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. వృద్ధుల కోసం దేశమంతటా పనిచేసే ఎల్డర్‌లైన్ 14567 అనే టోల్‌ఫ్రీ నంబరు 2021లో జాతీయ స్థాయిలో వచ్చింది. దాని మొదటి విత్తనం పడింది హైదరాబాద్‌లోనే, 2017లో, టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి మొదలుపెట్టిన సేవగా. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఎవరైనా ఆ నంబరుకు ఫోన్ చేసి, పింఛన్ గురించో, ఇంట్లో వేధింపుల గురించో, దారి తప్పిన పెద్దవాళ్ల గురించో చెప్పుకోవచ్చు. ఆ నంబరు గ్రామ పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయిస్తే పోయేదేమీ లేదు. చాలా ఊళ్ల గోడల మీద సిమెంటు ప్రకటనలున్నాయి, ఇది లేదు.

శారాజీపేట అమ్మ, అవుసలికుంట కళాకారుడు

అవార్డులు పనికిరావని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సరైన పని మీద పడిన అవార్డు ఎంత మేలు చేస్తుందో ఉమ్మడి నల్లగొండలోనే నిరూపణ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ అది. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీద దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని ఇళ్లలో ఆడవాళ్లదే. మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఇక చేయలేనని చెప్పింది. బడి చదువు మధ్యలోనే ఆపేసిన ఆ కొడుకు 1992 నుంచి తంటాలు పడి 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇది ఎక్కడా ‘వృద్ధుల సంక్షేమం’ కింద నమోదు కాలేదు, ఆవిష్కరణల ఖాతాలో పడింది. కానీ చూడాల్సిన కోణంలో చూస్తే, వయసు మీద పడుతున్న నేత ఇళ్ల ఆడవాళ్ల భుజాలకు దీనికంటే ఎక్కువ ఉపశమనం ఇచ్చిన పని ఈ ప్రాంతంలో మరొకటి చెప్పడం కష్టం. పుట్టపాక, కొయ్యలగూడెం, పోచంపల్లి ఇళ్లలో అది రోజూ కనిపించే మార్పు. ఒక మనిషి బాధ దగ్గర మొదలై, ఆ బాధ ఉన్న అందరికీ చేరింది. ఇలాంటివాటిని వెతికి పట్టుకోగలిగితే అవార్డుకు సార్థకత.

రెండో కథ దీనికి భిన్నం. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన కిన్నెర మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అరుదైన కళాకారుడు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో ఒక నిర్మాణం దగ్గర కూలి పని చేస్తూ పత్రికల కంటపడ్డారు. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని, ఎవరిని అడిగినా పని కాలేదని చెప్పారు. చదివినవాళ్లందరి మనసూ కలుక్కుమంది. అవార్డు ఇచ్చిన రోజు ఆయన పేరు ఊరూరా తెలిసింది. ఆ తర్వాత నెలనెలా రావాల్సింది వస్తోందా అని చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు.

వృద్ధులకు ఇచ్చే ఏ గౌరవానికైనా ఈ ప్రశ్న వర్తిస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషికి ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం ఇంట్లో పెళ్లికో, అప్పుకో, ఆసుపత్రికో పోతుంది. నెలకు ఐదు వేలైనా ఆగకుండా వచ్చేది ఆ మనిషిని నిలబెడుతుంది. కాబట్టి సన్మానం చేసిన శాఖే ఆరు నెలలకోసారి ఆ ఇంటికి ఒక మనిషిని పంపి, పింఛన్ అందుతోందా, మందులు దొరుకుతున్నాయా, ఇల్లు కురుస్తోందా అని కనుక్కోవాలి. దీనికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

జిల్లా స్థాయిలో ఎలా చేయవచ్చు

ఢిల్లీ అవార్డు పద్ధతిని ఇక్కడి నుంచి మార్చలేం. అక్టోబరు 1న కలెక్టరేట్‌లో జరిగే సభ మాత్రం జిల్లా చేతిలోని పని. అక్కడ పెద్దవాళ్లను సన్మానించడంతో పాటు, పెద్దవాళ్ల కోసం పనిచేసినవాళ్లకు వేరుగా ఒక గుర్తింపు ఇవ్వవచ్చు. పేర్లు దరఖాస్తుల ద్వారా తీసుకుంటే మళ్లీ ఫైలున్నవాళ్లే వస్తారు. గ్రామసభలో అరవై దాటినవాళ్లనే అడగాలి: ఈ ఏడాదిలో నీ పని ఎవరి వల్ల తేలికైంది? అవ్వలు మొహమాటపడతారు, పక్కన కొడుకు, సర్పంచ్ ఉంటే నిజం చెప్పరు. అందుకే పింఛన్ ఇచ్చే రోజున, పోస్టాఫీసు అరుగు మీద, అంగన్‌వాడీ టీచరో స్వయం సహాయక సంఘం లీడరో ఒక్కొక్కరిని విడిగా అడిగితే మంచిది. పేర్లు వాటంతటవే పైకి వస్తాయి. ఒకే పేరు పది నోళ్ల నుంచి వస్తే దానికి మించిన సాక్ష్యం ఉండదు.

వచ్చిన పేర్లను పరిశీలించడానికి లెక్కలు కూడా ఇప్పటికే ఆఫీసుల్లో ఉన్నాయి. ఏ డివిజన్‌లో ఎన్ని పోషణ దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో తేలాయి అన్నది ఆర్డీవో ఆఫీసులో ఉంది. ఏ మండలం నుంచి అరవై దాటిన ఎంతమందికి సదరం సర్టిఫికెట్ వచ్చిందో, ఎంతమందివి తిరస్కరించారో గ్రామీణాభివృద్ధి శాఖ దగ్గర ఉంది. ఏ ఊళ్లో వేలిముద్ర పడక ఎంతమంది పింఛన్ ఆ నెల ఆగిందో తపాలా శాఖ దగ్గర ఉంది. చట్టం 20వ సెక్షన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు వేరే క్యూ ఉండాలంటోంది, అది ఉందో లేదో ఒక ఉదయం ఓపీ దగ్గర నిలబడితే తెలుస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి కాబట్టి ఆ పరిశీలనకు విద్యార్థులు దొరకడం కూడా కష్టం కాదు.

కోడళ్ల పేర్లూ వస్తాయి, రావాలి. మంచాన పడిన అత్తను నాలుగైదేళ్లు ఎత్తి దించి, పుండ్లు పడకుండా పక్కలు మార్చి, డైపర్ కొనే డబ్బు లేక పాత చీరలు చింపి వాడి, కూలి పోగొట్టుకున్న కోడళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు వేదిక మీద శాలువా కప్పితే సంతోషమే. కానీ వాళ్లకు అంతకంటే ముందు కావాల్సింది, నెలకు రెండు రోజులు ఆ మంచం దగ్గర ఇంకొకరు కూర్చోవడం, పుండు కడిగే పద్ధతి నేర్పే ఒక నర్సు, నొప్పికి మాత్ర. ఇంటికే వచ్చి ఈ సేవ చేసే పాలియేటివ్ (బాధ తగ్గించే వైద్యం) బృందాలు రాష్ట్రంలో ‘ఆలన’ వాహనాలతో తిరుగుతున్నాయి. సన్మానం అందుకున్న కోడలి ఇంటి అడ్రసు ఆ రోజే ఆ బృందం జాబితాలో చేర్చవచ్చు.